ఇల్లు అమ్మకానికి పెట్టే ముందు: ఏ పని ముందు, ఏది తర్వాత, ఏది వద్దు

"ఇల్లు అమ్ముదామనుకుంటున్నాం, ముందు పెయింట్ వేయించేద్దామా?" ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. అందరికీ ఒకటే జవాబు చెప్తున్నాను: వద్దు, ఆగండి. పెయింట్ దాదాపు చివర్లో చేసే పని. ముందే వేయించేస్తే తర్వాత వచ్చే ప్లంబరు గోడ పగలగొడతాడు, ఎలక్ట్రీషియన్ బోర్డు చుట్టూ చేతి ముద్రలు వదిలి వెళ్తాడు, సామాను బయటికి లాగేటప్పుడు బీరువా మూల గోడకి గీసుకుంటుంది, చివరికి మళ్ళీ పెయింటర్ని పిలవాల్సి వస్తుంది.

ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళ మనసులో ఉండే అసలు ప్రశ్న "ఇందులో నాకు తెలియని తలనొప్పి ఏముందో" అన్నది. కారుతున్న కుళాయి ఒక్కటి కనిపిస్తే చాలు, గోడలో ఉన్న పైపులన్నీ అలాగే ఉన్నాయేమో అనుకుంటారు, అక్కడికక్కడే మనసులో ధర తగ్గించేస్తారు. అందుకే మీ డబ్బు, మీ ఓపిక ముందు ఆ అనుమానాలు తీర్చడానికి పోవాలి. మిగిలితే అలంకారానికి.

1. కొత్తవాళ్ళ కళ్ళతో ఇల్లంతా ఒకసారి తిరగండి

రోజూ ఉండే ఇంట్లో లోపాలు మనకి కనపడవు. కొంచెం పైకెత్తి నెడితే గానీ పడని తలుపు ఉంటుంది, ఐదేళ్ళుగా మన చెయ్యి తనంతట తానే పైకెత్తి నెడుతూ ఉంటుంది, అది లోపం అన్న సంగతే మర్చిపోతాం. కొత్తవాళ్ళకి మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది.

కాబట్టి ఒక నోట్‌బుక్, ఫోను పట్టుకుని ఇంటి బయటికి వెళ్ళండి. దారి అవతల నిలబడి చూడండి. అక్కడి నుంచి లోపలికి నడుస్తూ, ప్రతి గది గుమ్మంలో ఆగి ఒక ఫోటో తీయండి. కంటికి అలవాటైపోయిన మరకలు, వేలాడే వైర్లు ఫోటోలో మాత్రం ఠక్కున కనిపిస్తాయి.

ఇలా రెండుసార్లు చేయాలి, ఒకసారి పగటి వెలుతురులో, ఇంకోసారి రాత్రి లైట్లన్నీ వేసి. వాన పడే రోజు దొరికితే మూడోసారి కూడా తిరగండి, పైకప్పు, కిటికీ అంచులు ఆ రోజు చెప్పేంత నిజం ఇంకెప్పుడూ చెప్పవు.

మొహమాటం లేకుండా మాట్లాడే స్నేహితులు ఒకరిని పిలిచి రెండే అడగండి: లోపలికి రాగానే ఏమైనా వాసన వచ్చిందా? మొదట కన్ను దేని మీద పడింది? వాళ్ళు చెప్పింది వాదించకుండా రాసుకోండి.

తిరిగేటప్పుడు చూడాల్సినవి:
☐ ప్రధాన తలుపు, తాళం, కాలింగ్ బెల్ సరిగా పనిచేస్తున్నాయా
☐ ప్రతి స్విచ్చూ, ప్రతి కుళాయీ, ప్రతి ఫ్లష్షూ
☐ ప్రతి కిటికీ పూర్తిగా తెరుచుకుని మళ్ళీ మూసుకుంటోందా
☐ పైకప్పు మీద పసుపు, గోధుమ రంగు చారలు
☐ గోడల అడుగు భాగం, ముఖ్యంగా బాత్రూమ్ అవతలి వైపు గోడ
☐ కదిలే టైల్స్, తట్టితే బోలుగా మోగే టైల్స్
☐ సింక్ కింద అలమరా లోపల

2. సామాను తీసేయండి, సర్దితే సరిపోదు

రిపేర్ల కంటే ముందు ఈ పని ఎందుకంటే, ఇంట్లో అసలు సమస్యలు సామాను వెనకే దాక్కుంటాయి. బీరువా జరపనిదే గోడ కనపడదు.

నాలుగు పెట్టెలు పెట్టుకోండి: ఇక్కడ కావాల్సినవి, కొత్త ఇంటికి ఇప్పుడే కట్టేసేవి, ఎవరికైనా ఇచ్చేవి, పారేసేవి. ఒక గది పూర్తయ్యేదాకా ఇంకో గది ముట్టుకోకండి. ఎలాగూ ఇల్లు మారుతున్నారు కాబట్టి ఇది అదనపు పని అనుకోవద్దు, రేపు చేయాల్సిన సర్దుడు ఇవాళ మొదలుపెడుతున్నారంతే.

కొనేవాళ్ళు అలమరాలు తెరిచి చూస్తారు, అది వాళ్ళ తప్పు కాదు, ఎంత చోటుందో తెలుసుకోవాలి కదా. తలుపు తీయగానే బట్టలు మీద పడేలా ఉంటే "ఈ ఇంట్లో చోటు చాలదు" అన్న మాట చెప్పకుండానే చెప్పినట్టు. మూడో వంతు ఖాళీగా ఉంచండి.

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. అన్ని గదుల్లోంచి తీసినవన్నీ ఒక గదిలోనో బాల్కనీలోనో కుక్కేస్తారు. కొనేవాళ్ళకి గుర్తుండేది ఆ ఒక్క గదే. బంధువుల ఇంట్లోనో, అద్దెకి దొరికే చోటో చూసి అక్కడికి పంపేయండి.

3. పనుల వరస

దీన్ని ప్రింట్ తీసి ఫ్రిజ్‌కి అంటించుకున్నా నష్టం లేదు. నీళ్ళ పని ముందు, పొడి పని తర్వాత; పగలగొట్టే పని ముందు, నునుపు చేసే పని తర్వాత; ఇదే సూత్రం.

1) సామాను తగ్గించడం
2) లీకులు, చెమ్మ, బయట నీటి కాలువలు
3) పగుళ్ళు
4) కరెంటు పనులు
5) తలుపులు, కిటికీలు, టైల్స్
6) పుట్టీ, ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత), పెయింట్
7) బాత్రూమ్, కిచెన్ అంచుల్లో సందులు మూసే కొత్త సిలికాన్
8) మూలమూలా శుభ్రం చేయడం
9) వెలుతురు, సామాను అమరిక
10) ఫోటోలు
11) ఇల్లు చూపించడం

కాగితాల పని మాత్రం మొదటి రోజు నుంచే పక్కన నడుస్తూ ఉండాలి.

ఆరు నుంచి ఎనిమిది వారాలు చేతిలో ఉంటే ఇదంతా టెన్షన్ లేకుండా అవుతుంది. రెండు వారాలే ఉంటే పూర్తి పెయింట్ ఆలోచన మానేసి సామాను, లీకులు, శుభ్రం, వెలుతురు, ఈ నాలుగే చేయండి. హడావుడిగా వేసిన పెయింట్ కంటే కడిగిన పాత గోడ నయం.

4. నీళ్ళు, చెమ్మ: ఇక్కడ మాత్రం తొందర వద్దు

నా అనుభవం చెప్తాను. ఇంతకుముందు మేమున్న ఇల్లు అమ్మేటప్పుడు, పడకగదిలో బీరువా వెనక గోడ మీద అరచెయ్యంత చెమ్మ మచ్చ కనిపించింది. గీకి, పుట్టీ పెట్టి, రంగు వేసేశాను. నాలుగు వారాలు బాగానే ఉంది. ఒక ఆయన ఇల్లు చూడ్డానికి వచ్చి సరిగ్గా అక్కడే ఆగాడు. బొటనవేలితో నొక్కాడు. రంగు బొబ్బలా లోపలికి అణిగి చిట్లింది, వేలికి తెల్లటి పొడి అంటింది. ఏమీ అనలేదు, జేబురుమాలుతో వేలు తుడుచుకుని మిగతా గదులు కూడా మర్యాదగా చూసి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఫోన్ రాలేదు. కారణం గోడ అవతల బాత్రూమ్‌లో ఒక పైపు జాయింట్. ముందే చూసి ఉంటే ఒక పూట పని.

చెమ్మ మీద రంగు వేస్తే చెమ్మ పోదు, తిరిగొస్తుంది, అదీ కొనేవాళ్ళు ఎదురుగా ఉన్నప్పుడు. కాబట్టి ముందు అది ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవాలి.

ఎలా గుర్తుపట్టాలి:

గోడ అడుగు నుంచి మొదలై సుమారు ఒక మీటరు ఎత్తు వరకు పాకి, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే అది నేలలోంచి ఎక్కే చెమ్మ అయి ఉండొచ్చు.

వాన పడ్డాక పెరిగి, ఎండలు కాశాక తగ్గుతుంటే నీరు బయటి గోడ నుంచో పైకప్పు నుంచో వస్తోంది. కిటికీ పైఅంచు, పైకప్పు మీది పైపుల చుట్టుపక్కల, గోడా పైకప్పూ కలిసే చోటు ముందు చూడండి.

వానతో సంబంధం లేకుండా ఎప్పుడూ తడిగా ఉంటే, అదీ బాత్రూమ్‌కో కిచెన్‌కో దగ్గరగా ఉంటే, పైపు లీకు.

గాలి ఆడని మూలల్లో, బీరువా వెనక, కిటికీ అంచుల్లో నల్లటి చుక్కల్లా బూజు పడుతుంటే గదిలోని తేమే చల్లటి గోడకి తగిలి నీరవుతోందన్నమాట. దానికి గోడ పగలగొట్టక్కర్లేదు, గాలి ఆడేలా చేయాలి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ బాగు చేయించాలి, సామాను గోడకి నాలుగు వేళ్ళ దూరం జరపాలి.

ఇంకా అనుమానంగా ఉంటే ఒక చిన్న పరీక్ష ఉంది. మచ్చ ఉన్న చోట గోడ పైపైన ఆరబెట్టి, అల్యూమినియం ఫాయిల్ ముక్క ఒకటి నాలుగు వైపులా టేపుతో గాలి పోకుండా అంటించి రెండు రోజులు వదిలేయండి. గది వైపు ఉన్న ముఖం మీద తడి ఉంటే గాలిలోని తేమ. ఫాయిల్ వెనక, గోడ వైపు తడి ఉంటే నీరు గోడలోంచే వస్తోంది.

కనపడని లీకులకి: ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు రీడింగ్ రాసుకోండి, రెండు గంటలు ఎవరూ నీళ్ళు వాడకుండా ఉండి మళ్ళీ చూడండి. అంకె కదిలితే ఎక్కడో కారుతోంది. మీటరు లేకపోతే ట్యాంకులోకి నీరు ఎక్కకుండా ఆపి, నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టి అదే పని చేయొచ్చు. ఫ్లష్ ట్యాంకులో కొన్ని చుక్కలు ఫుడ్ కలర్ (వంటల్లో వాడే రంగు) వేసి, ఫ్లష్ చేయకుండా పావుగంట తర్వాత చూడండి, కింద కమోడ్‌లో రంగు కనిపిస్తే లోపలి వాషరో వాల్వో మార్చాలి. సింక్ కింద పైపు చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టి పైన నీళ్ళు వదలండి, ఎంత చిన్న చుక్క కారినా కాగితం చెప్పేస్తుంది.

లీకు బాగు చేయించాక వెంటనే రంగు వేయకండి. గోడ లోపలి దాకా ఆరడానికి వారాలు పడుతుంది, మందం గోడలకి నెలలు కూడా పట్టొచ్చు. ఇల్లు చూపించే రోజుకి ఆరకపోతే ఆ చోటు అలాగే వదిలి, "ఇక్కడ పైపు లీకు ఉండేది, ఫలానా రోజు బాగు చేయించాం, ఇదిగో బిల్లు, ఇవిగో పని జరుగుతున్నప్పటి ఫోటోలు" అని చూపించండి. కొనేవాళ్ళు దీనికి బెదిరిపోరు. దాచింది బయటపడితేనే బెదిరిపోతారు.

ఉప్పు పొడి పట్టిన గోడని నీళ్ళతో కడగొద్దు, ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. గోడ ఆరాక పొడి బ్రష్‌తో దులిపేయండి.

బూజు ఒక చదరపు మీటరు లోపు ఉంటే గ్లవ్స్, మాస్కు వేసుకుని డిటర్జెంట్ నీళ్ళతో మీరే తుడుచుకోవచ్చు, అంతకు మించితే తెలిసినవాళ్ళని పిలవడం మంచిది. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నాను: బ్లీచ్‌ని యాసిడ్‌తో గానీ, వెనిగర్‌తో గానీ, అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో గానీ ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది. తలుపులు మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

బయటికి వెళ్ళి చూడాల్సినవి:
☐ వాన నీటి పైపుల్లో, కాలువల్లో ఆకులు, చెత్త
☐ గోడ పక్కన నీరు నిలుస్తోందా (నేల వాలు ఇంటి నుంచి బయటికి ఉండాలి)
☐ గోడకి ఆనించి పోసిన మట్టి, పేర్చిన సామాను, ఎప్పుడూ తడిసే కుండీలు
☐ పైకప్పు మీద నాచు, విరిగిన అంచులు

5. పగుళ్ళు

జుట్టులా సన్నగా, మిల్లీమీటరు లోపు ఉండే గీతలు సాధారణంగా ప్లాస్టరింగ్ ముడుచుకోవడం వల్ల వచ్చేవి. పూడ్చి రంగు వేస్తే సరిపోతుంది.

ఈ రకాలకి మాత్రం పుట్టీ పెట్టకండి, ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి: 5 మిల్లీమీటర్ల కంటే వెడల్పైనవి, ఇటుకల జాయింట్ల వెంట మెట్లు మెట్లుగా పోయేవి, కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకి రోజురోజుకీ పెరిగేవి, ఒక వైపు గోడ ఇంకో వైపు కంటే ముందుకొచ్చినట్టు చేతికి తగిలేవి. బీములు, పిల్లర్ల మీద పగులు ఉంటే వెడల్పు ఎంతైనా సరే చూపించాల్సిందే. "ప్రమాదం లేదు" అని ఇంజనీరు రాసిచ్చిన ఒక్క కాగితం, మీరు వందసార్లు చెప్పే మాట కంటే విలువైనది.

పగులు పెరుగుతోందా లేదా అన్నది తెలియాలంటే, దాని రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేయండి. కొన్ని వారాల తర్వాత గీత దాటి ముందుకెళ్ళిందేమో చూడండి. అందుకే ఈ పని మొదటి వారంలోనే మొదలుపెట్టాలి.

చిన్న పగులు పూడ్చే పద్ధతి: స్క్రేపర్ మూలతో పగులుని కొంచెం వెడల్పు చేయాలి, దుమ్మంతా బ్రష్‌తో తీసేయాలి, ఫిల్లర్‌ని లోపలికి నొక్కి నింపాలి, ఆరాక గరుకు కాగితంతో రుద్దాలి. వెడల్పు చేయకుండా పైపైన పూస్తే కొన్నాళ్ళకి అదే గీత మళ్ళీ తేలుతుంది. తలుపు ఫ్రేముకీ గోడకీ మధ్య వచ్చే సందుకి పుట్టీ నిలవదు, తలుపు వేసినప్పుడల్లా అక్కడ కదలిక ఉంటుంది కాబట్టి సాగే గుణం ఉన్న యాక్రిలిక్ సీలెంట్ వాడాలి.

6. కరెంటు, తలుపులు, చిల్లర పనులు

స్విచ్ బోర్డు ముట్టుకుంటే వేడిగా ఉన్నా, కాలిన వాసన వస్తున్నా అమ్మకం సంగతి పక్కన పెట్టి ఇవాళే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మిగతావి చూసుకోండి: పగిలిన స్విచ్ ప్లేట్లు, వేలాడే హోల్డర్లు, వెలగని బల్బులు. మెయిన్ బోర్డులో షాక్ నుంచి కాపాడే ట్రిప్ స్విచ్ ఉంటే దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నొక్కగానే అది పడిపోవాలి, పడకపోతే మార్పించాలి. ఏ స్విచ్ ఏ గదిదో చిన్న కాగితాల మీద రాసి అంటిస్తే, బోర్డు తెరిచి చూసిన మనిషికి ఈ ఇంటిని శ్రద్ధగా చూసుకున్నారని అర్థమవుతుంది.

తలుపు నేలకి రాసుకుంటే వెంటనే చిత్రిక పట్టించకండి. ముందు పైనున్న హింజ్ (బందు) స్క్రూలు బిగించి చూడండి, చాలాసార్లు అదే కారణం. స్క్రూ ఊరికే తిరుగుతూ పట్టు దొరకకపోతే, ఆ రంధ్రంలో సన్నని కొయ్య పుల్లలు ఫెవికాల్ లాంటి జిగురులో ముంచి దించి, ఆరాక పైకి వచ్చిన కొసలు కోసేసి మళ్ళీ స్క్రూ ఎక్కించండి. కొత్త కొయ్యలో ఎక్కినట్టు పట్టేస్తుంది.

కిర్రుమనే హింజ్‌కి ఒక చుక్క నూనె చాలు. తాళం రంధ్రంలో మాత్రం నూనె పోయొద్దు, దుమ్ము పట్టి బిగుసుకుంటుంది, గ్రాఫైట్ పొడి వాడండి.

7. పుట్టీ, పెయింట్

ఇప్పుడు వేయండి. గోడలన్నింటికీ లేత రంగు, పైకప్పుకి మెరుపు లేని తెలుపు. ముదురు ఎరుపు గోడ మీకు ప్రాణం కావొచ్చు, కానీ చూసేవాళ్ళు దాని ముందు తమ సోఫాని ఊహించుకోలేరు.

వరస ఇలా ఉండాలి:

1) పెచ్చులూడే రంగంతా గీకేయండి. ఇల్లు బాగా పాతదైతే పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది, పొడిగా రుద్ది దుమ్ము లేపకుండా ముందు పరీక్ష చేయించండి.
2) జిడ్డు గోడలు డిటర్జెంట్ నీళ్ళతో కడిగి ఆరనివ్వండి. జిడ్డు మీద ఏ రంగూ నిలవదు.
3) పుట్టీ పల్చగా రెండు పొరలు. ఒకేసారి మందంగా పెడితే పగులుతుంది.
4) 180 లేదా 220 నంబరు గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము పూర్తిగా తుడవండి. ఈ తుడవడం చాలామంది వదిలేస్తారు, తర్వాత రంగు పొరలా లేచొస్తుంది.
5) ప్రైమర్. నీటి మరకలు, పొగ మరకలు ఉన్న చోట మరకని ఆపే ప్రత్యేక ప్రైమర్ వేయాలి, లేకపోతే ఎన్ని కోట్లు వేసినా పసుపు పైకి తేలుతుంది.
6) రంగు రెండు కోట్లు, మధ్యలో డబ్బా మీద రాసినంత సమయం ఆగి. అంచులు ముందు బ్రష్‌తో, అవి తడిగా ఉండగానే మధ్య భాగం రోలర్‌తో.

కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన చోటైతే రంగుకి ముందు సుమారు 4 వారాలు ఆగాలి.

పెయింటర్ "అయిపోయింది" అన్న రోజు రాత్రి ఒక పని చేయండి. గదిలో లైట్లు ఆపేసి, టార్చ్‌ని గోడకి ఆనించి వెలుతురు గోడ వెంట పారేలా పట్టుకోండి. పగలు నున్నగా కనిపించిన గోడ మీద ఎత్తుపల్లాలు, రుద్దని పుట్టీ అంచులు, కారి గడ్డకట్టిన చుక్కలు నీడలు వేసుకుని కనిపిస్తాయి. పెన్సిల్‌తో చిన్న గుర్తులు పెట్టి పొద్దున్నే చూపించండి. డబ్బు మొత్తం ఇచ్చేలోపే ఈ పని జరగాలి.

తరచుగా జరిగే తప్పు: మచ్చ ఉన్న చోట మాత్రమే రంగు పూయడం. పాత రంగు వెలిసిపోయి ఉంటుంది కాబట్టి అదే డబ్బా రంగైనా అతుకులా కనపడుతుంది. ఆ గోడ మొత్తం, ఒక మూల నుంచి ఇంకో మూల దాకా వేయించండి.

8. డబ్బు పెట్టకూడనివి

కిచెన్ మొత్తం మార్చడం, ఖరీదైన ఫ్లోరింగ్, ఫాల్స్ సీలింగ్, డిజైనర్ లైట్లు: అమ్మకం కోసమే అయితే ఇవి వద్దు. కొనేవాళ్ళు తమ అభిరుచికి తగ్గట్టు ఎలాగూ మార్చుకుంటారు, మీరు పెట్టింది మొత్తం ధరలో తిరిగి రావడం కష్టం. కిచెన్ పాతగా ఉంటే అలమరా తలుపుల జిడ్డు వదిలించి, గరుకు కాగితంతో రుద్ది రంగు వేయించి, హ్యాండిళ్ళు, కుళాయి మార్చండి. చాలు.

9. శుభ్రం

పై నుంచి కిందికి, లోపలి గది నుంచి బయటి గుమ్మానికి. ముందు సాలెగూళ్ళు, ఫ్యాన్ రెక్కలు, లైట్లు. ఆ తర్వాత అలమరాల పైభాగం, కిటికీలు. అన్నిటికన్నా చివర నేల.

కుళాయిల మీద, షవర్ మీద తెల్లగా గట్టిపడిన ఉప్పు మరకకి వెనిగర్‌లో తడిపిన గుడ్డ అరగంట చుట్టి ఉంచి రుద్దండి. మార్బుల్ మీద, సున్నపురాయి జాతి రాళ్ళ మీద మాత్రం వెనిగర్, నిమ్మరసం, యాసిడ్ ఏవీ పడకూడదు, మెరుపు తినేస్తాయి, ఆ మచ్చ మళ్ళీ పాలిష్ చేస్తే గానీ పోదు. టైల్స్ మధ్య గీతలకి వంటసోడా ముద్దలా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి.

కిటికీ అద్దాలు నేరుగా ఎండ పడుతున్నప్పుడు తుడవకండి, నీరు వెంటనే ఆరిపోయి చారలు మిగులుతాయి.

బాత్రూమ్, సింక్ అంచుల్లో నల్లబడిన సిలికాన్ ఉంటే శుభ్రానికి ముందే పూర్తిగా కోసి తీసేసి, ఆ సందు బాగా ఆరాక కొత్తది పెట్టించండి. పాతదాని మీద కొత్తది అతుక్కోదు. పెట్టాక ఒక రోజంతా నీళ్ళు తగలనివ్వొద్దు.

మర్చిపోయే చోట్లు:
☐ స్విచ్ ప్లేట్లు, తలుపు హ్యాండిళ్ళ చుట్టూ మరకలు
☐ ఎగ్జాస్ట్ ఫ్యాన్, చిమ్నీ జాలీలు (వేడి డిటర్జెంట్ నీళ్ళలో నానబెట్టి)
☐ కిటికీ పట్టాల్లో పేరుకున్న మట్టి
☐ తలుపుల పైఅంచు
☐ కమోడ్ వెనక, అడుగున

10. వాసన

ఇంటి వాసన ఇంట్లోవాళ్ళకి తెలియదు, ముక్కు అలవాటు పడిపోతుంది. పొద్దున్న బయటికి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చి, తలుపు తీసిన మొదటి క్షణంలో ఏం వచ్చిందో గమనించండి.

ఎప్పుడూ వాడని బాత్రూమ్‌లోంచి దుర్వాసన వస్తుంటే, నేల మీద జాలీ కింద ఉండే వంపులో నీరు ఆరిపోయి కాలువ గాలి పైకొస్తోందేమో చూడండి. ఒక బకెట్ నీళ్ళు పోస్తే చాలాసార్లు అక్కడికక్కడే తగ్గిపోతుంది, ఆ తర్వాత వారానికోసారి పోస్తూ ఉండాలి. కర్టెన్లు, పరదాలు, సోఫా కవర్లు ఉతికించండి, వాసన ఎక్కువగా పట్టేది గుడ్డలకే. సిగరెట్ పొగ పట్టిన గదికి గోడలు కడిగి, మరకని ఆపే ప్రైమర్ వేసి, ఆ పైన రంగు వేయాలి.

రూమ్ ఫ్రెషనర్ గుప్పున కొట్టకండి. ఏదో దాస్తున్నారనే అనుకుంటారు.

11. వెలుతురు, అమరిక

ఒక గదిలో ఒకే రంగు వెలుతురు ఉండాలి. ఒక బల్బు పసుపు, ఇంకోటి నీలం తెలుపు ఉంటే ఎంత మంచి గదైనా అతుకుల బొంతలా కనిపిస్తుంది. హాలు, పడకగదులకి 2700 నుంచి 3000 కెల్విన్ (వెలుతురు రంగుని చెప్పే కొలత) బల్బులు, కిచెన్‌లో 4000 దాకా బాగుంటాయి, బల్బు పెట్టె మీద ఈ అంకె ఉంటుంది.

ప్రతి గది నుంచీ ఒక సామాను తీసేయండి. తలుపు దగ్గర నుంచి కిటికీ దాకా ఏమీ తగలకుండా నడవగలగాలి. స్టోర్ రూమ్‌గా మారిన చిన్న గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ వేస్తే అదేంటో అడక్కుండానే తెలుస్తుంది.

12. ఫోటోలు

పనులన్నీ అయ్యాకే తీయండి. సగం పనిలో తీసి పెట్టిన ఫోటో తర్వాత మార్చినా, మొదట చూసినవాళ్ళు మళ్ళీ తిరిగి చూడరు.

ఫోనుని అడ్డంగా తిప్పి, ఛాతీ ఎత్తులో, వంచకుండా పట్టుకోండి. పైకో కిందికో వంచితే గోడలు పడిపోతున్నట్టు వస్తాయి. గది మూలలో నిలబడి ఎదుటి మూల వైపు తీయండి. కర్టెన్లు పూర్తిగా పక్కకి, కమోడ్ మూత కిందికి, అద్దంలో మీరు పడకుండా. మరీ వైడ్ లెన్స్‌తో గదిని సాగదీయకండి, వచ్చి చూసినప్పుడు "ఫోటోలో పెద్దగా ఉందే" అన్న మాటతో మొదలైన బేరం మీ వైపు నడవదు.

13. కాగితాలు, దాపరికం

ఒకే ఫైల్‌లో పెట్టండి: యాజమాన్య పత్రాలు, అనుమతి పొందిన ప్లాను, పన్ను రసీదులు, లోన్ ఉంటే దాని తాజా వివరాలు, రిపేర్ల బిల్లులు, గ్యారంటీ కార్డులు. పేర్లలో అక్షరాల తేడాలు, కొలతల్లో తేడాలు ఇప్పుడే చూసుకోండి, సరిచేయడానికి ఊహించినదాని కంటే ఎక్కువ రోజులు పట్టొచ్చు. ఏ లోపాలు తప్పకుండా చెప్పాలన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, లాయర్‌తో ఒక గంట కూర్చోండి.

చట్టం అడిగినా అడగకపోయినా, తెలిసిన లోపం చెప్పేయండి. ఆ ఇంట్లో రేపు ఒక కుటుంబం ఉండబోతోంది, వాళ్ళు పెట్టేది బహుశా జీవితంలో అన్నిటికన్నా పెద్ద మొత్తం.

14. చూడ్డానికి వచ్చే రోజు

☐ అరగంట ముందు కిటికీలన్నీ తెరవడం
☐ లైట్లన్నీ వేయడం, పగలైనా సరే
☐ చెత్తబుట్టలు, సింక్ ఖాళీ
☐ నగలు, మందులు, ఉత్తరాలు, అదనపు తాళంచెవులు తాళం వేసిన చోట
☐ పెంపుడు జంతువులు కాసేపు ఇంకెక్కడైనా
☐ టీవీ బంద్
☐ కాగితాల ఫైల్ అందుబాటులో

గదిగదికీ వెంట తిరుగుతూ వివరించకండి. మొదట ఒక చుట్టు చూపించి, "మీరు నిదానంగా చూడండి, నేను హాల్లో ఉంటాను" అని వచ్చేయండి. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవాలి, అలమరాలు తెరవాలి, మంచం ఏ వైపు వేయాలో చేతులు చాపి కొలుచుకోవాలి.

వాళ్ళు వెళ్ళాక అడిగిన ప్రశ్నలు అదే నోట్‌బుక్‌లో రాసుకోండి. ఒకరు అంటే అది వాళ్ళ అభిరుచి కావొచ్చు. సంబంధం లేని ముగ్గురు అదే తలుపు గురించో, అదే మూల గురించో అడిగితే, నాలుగోవాళ్ళు వచ్చేలోపు అది బాగు చేయించండి.